స్టాప్-డీజావూ ర్యాన్సమ్‌వేర్: ఫైళ్లకు తాళం ఎలా పడుతుంది, పడ్డాక ఏ పని ముందు చేయాలి

పెళ్లి ఫోటోలు తీసి ఆల్బమ్‌లు తయారుచేసే ఒక స్టూడియో కంప్యూటర్‌ను కొంతకాలం క్రితం నా దగ్గరకు తెచ్చారు. డెస్క్‌టాప్ మీద ఉన్న ప్రతి ఫోటో పేరు చివర, జేపీజీ అన్న అక్షరాల తర్వాత, ఒక చుక్కా అర్థం లేని మరో నాలుగు అక్షరాలూ వచ్చి చేరాయి. బొమ్మ కనిపించాల్సిన చోట తెల్ల కాగితం గుర్తు ఉంది. ప్రతి ఫోల్డరులోనూ రీడ్‌మీ పేరుతో ఒక టెక్స్ట్ ఫైలు ఉంది. తెరిస్తే, ఫైళ్లన్నీ ఎన్‌క్రిప్ట్ అయ్యాయనీ, అంటే తాళంచెవి లేకుండా చదవలేని విధంగా మారిపోయాయనీ, విప్పే సాధనం ధర 980 డాలర్లనీ, 72 గంటల్లోపు సంప్రదిస్తే 490 డాలర్లకే ఇస్తామనీ రాసి ఉంది. ఆ చీటీ కంటే, కంప్యూటర్ నా దగ్గరకు రాకముందు జరిగిన పని నన్ను ఎక్కువ బాధపెట్టింది. అంతకుముందు దాన్ని చూసిన మనిషి, వైరస్ పడింది కాబట్టి ఫార్మాట్ చేయాలని చెప్పి, రెండు డ్రైవుల్లో ఒకదాన్ని తుడిచేసి దాని మీద కొత్తగా విండోస్ ఎక్కించాడు. ఆ డ్రైవులో రెండు పెళ్లిళ్ల ఫోటోలు ఉన్నాయి.

మామూలు వైరస్‌కు ఫార్మాట్ మందు కావచ్చు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ విషయంలో వైరస్‌ను తీసివేయడం ఒక పని, ఫైళ్లను తిరిగి తెచ్చుకోవడం పూర్తిగా వేరే పని. మొదటిది సాధారణంగా ఒక పూటలో అయిపోతుంది. రెండోది కొన్నిసార్లు సాధ్యమవుతుంది, కొన్నిసార్లు కాదు, కొన్నిసార్లు ఏళ్ల తరబడి వేచి చూడాల్సి వస్తుంది. మొదటి పనిని తొందరపడి చేస్తే రెండో పనికి దారి మూసుకుపోతుంది. అందువల్ల ఈ వ్యాసంలో పనుల వరుసకే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తున్నాను. ఉదాహరణగా, ఇళ్లలోని కంప్యూటర్లనూ చిన్న దుకాణాలనూ ఎక్కువగా దెబ్బతీసిన స్టాప్-డీజావూ అనే ర్యాన్సమ్‌వేర్ కుటుంబాన్ని తీసుకున్నాను.

ఇది కంప్యూటర్‌లోకి ఎలా వస్తుంది

ఫైళ్లను పట్టి ఉంచి డబ్బు అడగడం కొత్త విద్య కాదు. 1989లోనే జోసెఫ్ పాప్ అనే జీవశాస్త్రవేత్త ఫ్లాపీ డిస్కుల ద్వారా ఇటువంటి ప్రోగ్రామును పంచి, పనామాలోని ఒక పోస్టు బాక్సుకు 189 డాలర్లు పంపమని అడిగాడు. 2013లో వచ్చిన క్రిప్టోలాకర్, బిట్‌కాయిన్ చెల్లింపుల అండతో దీన్ని పెద్ద వ్యాపారంగా మార్చింది. 2017 మే 12న మొదలైన వన్నాక్రై మరో రకం దారి పట్టింది. ఎవరూ ఏదీ నొక్కకపోయినా, విండోస్ ఫైల్ షేరింగ్‌లోని ఒక లోపం ద్వారా అది ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. అప్‌డేట్‌లను వాయిదా వేసేవారు ఈ రెండు తేదీలనూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

కార్యాలయాల్లోకి ర్యాన్సమ్‌వేర్ వచ్చే దారులు ప్రధానంగా మూడు. ఇన్వాయిస్, కొరియర్ రసీదు, కోర్టు నోటీసు వంటి పేర్లతో ఈమెయిల్‌కు తగిలించి వచ్చే ఫైళ్లు ఒకటి. ఇంటి నుంచి పనిచేయడానికి తెరిచి ఉంచిన రిమోట్ డెస్క్‌టాప్‌కు బలహీనమైన పాస్‌వర్డ్ ఉండటం రెండోది. అప్‌డేట్ చేయని సర్వర్లు, వీపీఎన్ పరికరాలు మూడోది.

స్టాప్-డీజావూ మాత్రం వీటిలో దేనిమీదా పెద్దగా ఆధారపడదు. దాన్ని మనమే పిలిచి తెచ్చుకుంటాం. ఖరీదైన ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కో, వీడియో సాఫ్ట్‌వేర్‌కో, ఆటకో, విండోస్ యాక్టివేషన్‌కో క్రాక్ (డబ్బు కట్టకుండా వాడుకునే దొంగదారి) కావాలని వెతికినప్పుడు దొరికే జిప్ ఫైళ్లలో ఇది దాగి ఉంటుంది. జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ను పేజీలోనే రాసి ఉంచుతారు. ఆ పాస్‌వర్డ్ వల్ల యాంటీవైరస్ లోపలికి తొంగి చూడలేదు. పైగా, క్రాక్‌ను యాంటీవైరస్ తప్పుగా వైరస్ అంటుంది కాబట్టి ముందు దాన్ని ఆపివేయండి అని సూచన కూడా ఉంటుంది. డీటీపీ సెంటర్లలో, స్టూడియోల్లో ఈ సూచనను పాటించడం ఎంత అలవాటైపోయిందంటే, కొత్త కంప్యూటర్ కొన్న రోజే యాంటీవైరస్‌ను శాశ్వతంగా ఆపివేసి ఇవ్వడం నేను చాలాసార్లు చూశాను. ఇల్లు కట్టిన రోజే తలుపులు ఊడదీసి ఇవ్వడం లాంటిది ఇది.

లోపలికి వచ్చాక ఏం చేస్తుంది

ఈ భాగం కొంచెం సాంకేతికంగా ఉన్నా ఓపికగా చదవండి, ఎందుకంటే తర్వాత చేయాల్సిన ప్రతి పనికీ కారణం ఇక్కడే ఉంది.

ప్రోగ్రాము మొదలవగానే కంప్యూటర్ ఏ దేశంలో ఉందో తెలుసుకుంటుంది. రష్యా, బెలారస్, కజకిస్తాన్ వంటి కొన్ని దేశాల్లో ఉంటే ఏమీ చేయకుండా ఆగిపోతుంది. భారతదేశం ఆ జాబితాలో లేదు. తర్వాత యాప్‌డేటా ఫోల్డరులో పొడవాటి గజిబిజి పేరుతో ఒక ఫోల్డరు సృష్టించి తన నకలును అందులో పెట్టుకుంటుంది. కొన్ని నిమిషాలకు ఒకసారి తనను మళ్లీ లేపడానికి విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో టైమ్ ట్రిగ్గర్ టాస్క్ అనే పేరుతో ఒక పనిని నమోదు చేస్తుంది. కొన్ని రూపాల్లో, మనకు అనుమానం రాకుండా, విండోస్ అప్‌డేట్ జరుగుతున్నట్టు ఒక నకిలీ తెరను కూడా చూపిస్తుంది.

ఆ తర్వాత అది నేరస్థుల సర్వర్‌తో మాట్లాడి, ఈ కంప్యూటర్ కోసం ప్రత్యేకంగా ఒక తాళాన్ని తెప్పించుకుంటుంది. దీన్ని ఆన్‌లైన్ కీ అంటారు. సర్వర్ దొరకకపోతే తన లోపలే సిద్ధంగా ఉన్న తాళాన్ని వాడుతుంది. ఇది ఆఫ్‌లైన్ కీ. ఆన్‌లైన్ కీ ఒక్కో బాధితుడికి ఒక్కోటి. ఆఫ్‌లైన్ కీ మాత్రం అదే రూపం బారిన పడి, సర్వర్ దొరకని వారందరికీ ఒకటే. మీ ఫైళ్లు తిరిగి వస్తాయా రావా అన్నది చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

తాళం దొరికాక ఫోటోలు, వీడియోలు, పత్రాలు, లెక్కల ఫైళ్లు అన్నింటినీ వరుసగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. తగిలించి ఉన్న పెన్‌డ్రైవులనూ, బయటి హార్డ్ డిస్కులనూ, నెట్‌వర్క్‌లో పంచుకున్న ఫోల్డర్లనూ వదలదు. చీటీ చదవడానికి మనకు కంప్యూటర్ పనిచేయాలి కాబట్టి విండోస్ ఫైళ్ల జోలికి పోదు. వేగం కోసం ప్రతి ఫైలులో మొదటి 150 కిలోబైట్లను మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. చిన్న వర్డ్ ఫైలు మొత్తం పోతుంది గానీ, 2 గిగాబైట్ల వీడియోలో తల మాత్రమే పోయి మొండెం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఈ ఒక్క వివరం మనకు తర్వాత ఎంతో పనికొస్తుంది.

విండోస్ దాచి ఉంచే పాత నకళ్లను తుడిచివేయడం, సహాయం దొరికే వెబ్‌సైట్లు తెరుచుకోకుండా, ఏ వెబ్‌సైట్ ఎక్కడుందో విండోస్ ముందుగా చూసుకునే హోస్ట్స్ ఫైలును మార్చడం కూడా ఇది చేస్తుంది. వీటన్నింటికంటే ప్రమాదకరమైన మరో పని చాలామందికి తెలియదు. ఇది తనతోపాటు వైడార్, రెడ్‌లైన్, ఏజోరల్ట్ వంటి సమాచార దొంగ ప్రోగ్రాములను తరచుగా వెంటబెట్టుకుని వస్తుంది. అవి బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లను చప్పుడు లేకుండా తీసుకుపోతాయి.

మొదటి అంచె: ఆపడం, విడదీయడం

ఫైళ్ల పేర్లు మీ కళ్ల ముందే మారుతూ ఉంటే, షట్‌డౌన్ కోసం వెతకకుండా పవర్ బటన్‌ను అలాగే నొక్కి పట్టి కంప్యూటర్‌ను ఆర్పివేయండి. డెస్క్‌టాప్ అయితే ప్లగ్గు లాగేసినా తప్పు లేదు, ఆ క్షణంలో ప్రతి సెకనుకూ కొన్ని ఫైళ్లు పోతుంటాయి. ఎన్‌క్రిప్షన్ అప్పటికే పూర్తయి ఉంటే కంగారు పడాల్సిన పని లేదు. నెట్‌వర్క్ వైరు తీసి, వైఫై ఆపి, బయటి డిస్కులన్నింటినీ ఊడదీసి పక్కన పెట్టండి. పెద్ద కార్యాలయమైతే కంప్యూటర్‌ను ఆర్పకుండా నెట్‌వర్క్ నుంచి మాత్రమే విడదీయడం మంచిది. దర్యాప్తుకు పనికొచ్చే ఆధారాలు మెమరీలో ఉంటాయి, ఆర్పితే అవి పోతాయి.

రెండో అంచె: ఆధారాలు దాచడం

తెర మీద కనిపించే చీటీని ఫోన్‌తో ఫోటో తీయండి. చీటీ అడుగున పర్సనల్ ఐడీ పేరుతో పొడవాటి అక్షరాల వరుస ఉంటుంది. సీ డ్రైవులోని సిస్టమ్ ఐడీ ఫోల్డరులో పర్సనల్ ఐడీ పేరుతో ఉన్న టెక్స్ట్ ఫైలులో కూడా అది ఉంటుంది. ఆ వరుస చివరి రెండు అక్షరాలు టీ1 అయితే అది ఆఫ్‌లైన్ కీ అని అర్థం, అప్పుడు ఆశ ఉంది. ఫైలులో ఒకటి కంటే ఎక్కువ ఐడీలు ఉంటే, కొన్ని ఫైళ్లకు ఒక తాళం, కొన్నింటికి మరొకటి పడి ఉండవచ్చు. అటువంటప్పుడు అన్నింటినీ రాసుకోండి. చీటీనీ, తాళం పడిన ఫైళ్లలో చిన్నవి రెండు మూడింటినీ ఖాళీ పెన్‌డ్రైవులోకి కాపీ చేయండి. ఫైళ్ల పేర్ల చివర చేరిన అక్షరాలను చెరిపేస్తే ఫైలు బాగవుతుందని కొందరు అనుకుంటారు. అలా కాదు, పైగా గుర్తుపట్టడం కష్టమవుతుంది, కాబట్టి పేర్లు మార్చకండి.

మూడో అంచె: ఇది ఏ రకమో తేల్చుకోవడం

మరో కంప్యూటర్ నుంచి ఐడీ ర్యాన్సమ్‌వేర్ అనే వెబ్‌సైట్‌లో చీటీనీ ఒక ఫైలునూ అప్‌లోడ్ చేస్తే అది ఏ కుటుంబానికి చెందిందో చెబుతుంది. దీన్ని నిర్మించినవాడు మైకేల్ గిలెస్పీ అనే అమెరికా ప్రోగ్రామర్. 2016 జులైలో నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్, రెండు భద్రతా కంపెనీలు కలిసి ప్రారంభించిన నో మోర్ ర్యాన్సమ్ వెబ్‌సైట్‌లోనూ ఇదే సదుపాయం ఉంది. అక్కడ విప్పే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. అప్‌లోడ్ చేసే ఫైలులో ఆధార్, బ్యాంకు వివరాల వంటివి లేకుండా చూసుకోండి.

నాలుగో అంచె: డిస్కుకు నకలు తీయడం

వైరస్‌ను ముట్టుకోకముందే, తాళం పడిన ఫైళ్లన్నింటినీ కొత్త హార్డ్ డిస్కులోకి కాపీ చేయాలి. వీలైతే డిస్కు మొత్తానికి ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీయడం ఇంకా మంచిది. విండోస్‌కు బదులు పెన్‌డ్రైవు నుంచి లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌ను బూట్ చేసి ఈ పని చేస్తే విండోస్‌లోని ర్యాన్సమ్‌వేర్‌కు లేచే అవకాశమే ఉండదు. స్టూడియో కంప్యూటర్ విషయంలో నేను ముందుగా పట్టుబట్టి చేయించింది ఇదే. యజమాని కొత్త డిస్కు ఖర్చు ఎందుకని అడిగారు, తుడిచేసిన డ్రైవును చూపించాక ఇంకేమీ అనలేదు.

ఐదో అంచె: ర్యాన్సమ్‌వేర్‌ను తీసివేయడం

నకలు చేతిలో ఉంటే, డిస్కును పూర్తిగా తుడిచి, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి తెచ్చుకున్న విండోస్‌ను కొత్తగా ఎక్కించడమే అన్నింటికంటే నమ్మకమైన పద్ధతి అని నా అభిప్రాయం. వెంట వచ్చిన దొంగల్లో ఏది ఎక్కడ దాక్కుందో ఎవరూ పూర్తిగా చెప్పలేరు.

అలా చేయడానికి వీలు లేనివారు, ఉదాహరణకు మళ్లీ ఎక్కించడం కష్టమైన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నవారు, ఈ విధంగా చేయవచ్చు. షిఫ్ట్ మీటను నొక్కి పట్టి రీస్టార్ట్ ఎంచుకోండి. వచ్చిన నీలి తెరలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ అనే వరుసలో వెళ్లి రీస్టార్ట్ నొక్కి, జాబితాలో 5వ అంకెను ఎంచుకుంటే నెట్‌వర్క్‌తో కూడిన సేఫ్ మోడ్ వస్తుంది. అందులో ఎమ్సిసాఫ్ట్ ఎమర్జెన్సీ కిట్‌తోనో మాల్‌వేర్‌బైట్స్‌తోనో పూర్తి స్కాన్ నడపండి. ఆ తర్వాత మామూలుగా బూట్ చేసి, విండోస్ సెక్యూరిటీలోని మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్‌ను ఎంచుకోండి. ఇది విండోస్ లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి బయటపడతాయి.

స్కాన్‌లు అయ్యాక కొన్నింటిని కంటితో చూడాలి. టాస్క్ షెడ్యూలర్‌లో టైమ్ ట్రిగ్గర్ టాస్క్ ఇంకా ఉందేమో చూసి తొలగించండి. డిఫెండర్ సెట్టింగ్స్‌లోని ఎక్స్‌క్లూజన్స్ జాబితా తెరవండి. అక్కడ మీరు చేర్చని ఫోల్డర్లు ఉంటే, వాటిని స్కాన్ చేయవద్దని ఎవరో ముందే చెప్పి పెట్టినట్టు. విండోస్ ఫోల్డరులో సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ అనే దారిలో ఉన్న హోస్ట్స్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, భద్రతా వెబ్‌సైట్ల పేర్లతో చేరిన వరుసలన్నీ తీసివేయండి. ఈ పని మరిచిపోతే తర్వాత విప్పే సాధనం సర్వర్‌ను చేరలేక ఆగిపోతుంది. చివరగా, వైరస్‌ను తెచ్చిన క్రాక్‌నూ దాని జిప్ ఫైలునూ తొలగించండి. దాన్ని అలాగే ఉంచి, పని సాగాలి కదా అని మళ్లీ నడిపినవారు రెండోసారి తాళం వేయించుకున్నారు. తాళం మీద తాళం పడితే విప్పడం ఎంతో కష్టం.

ఆరో అంచె: పాస్‌వర్డ్‌లు

సమాచార దొంగల సంగతి గుర్తుందనుకుంటాను. శుభ్రమైన మరో కంప్యూటర్ నుంచో ఫోన్ నుంచో ముందు ఈమెయిల్ పాస్‌వర్డ్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత సోషల్ మీడియా పాస్‌వర్డ్‌లు మార్చండి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన సరిపోదు. అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేసే ఆప్షన్‌ను కూడా వాడాలి, ఎందుకంటే దొంగిలించిన కుకీలతో (మీరు లాగిన్ అయి ఉన్నారని బ్రౌజర్ దాచుకునే గుర్తులతో) పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి రావచ్చు. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి.

ఏడో అంచె: ఫైళ్లను విప్పడం

మైకేల్ గిలెస్పీతో కలిసి ఎమ్సిసాఫ్ట్ కంపెనీ 2019 అక్టోబరులో స్టాప్-డీజావూ కోసం ఉచిత డిక్రిప్టర్‌ను, అంటే తాళం విప్పే సాధనాన్ని, విడుదల చేసింది. దాన్ని ఎమ్సిసాఫ్ట్ సైట్ నుంచి గానీ నో మోర్ ర్యాన్సమ్ నుంచి గానీ మాత్రమే తెచ్చుకోవాలి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2020 జూన్‌లో జోరాబ్ అనే మరో ర్యాన్సమ్‌వేర్, స్టాప్-డీజావూను విప్పే సాధనంగా వేషం వేసుకుని వచ్చి, అప్పటికే నష్టపోయిన వారి ఫైళ్లకు రెండో తాళం వేసింది.

డిక్రిప్టర్‌ను నకలు మీద మాత్రమే నడపండి. ఇంటర్నెట్ ఉండాలి, ఎందుకంటే అది ఫైలులోని ఐడీని చదివి, సరిపోయే తాళంచెవి తమ సర్వర్‌లో ఉందేమో అడుగుతుంది. ఫలితం మూడు రకాలుగా ఉంటుంది. తాళంచెవి ఉంటే ఫైళ్లు విప్పుకుంటాయి. ఆఫ్‌లైన్ ఐడీయే గానీ తాళంచెవి ఇంకా లేదని చెబితే, అదే రూపం బారిన పడిన మరొకరి ద్వారా అది దొరికే దాకా ఆగాలి. ఆన్‌లైన్ ఐడీ కాబట్టి విప్పడం అసాధ్యం అని చెబితే, ఈ దారి మూసుకుపోయినట్టే. ఇంకో సాధనం వెతికినా లాభం లేదు.

2019 ఆగస్టుకు ముందు తాళం పడిన పాత ఫైళ్లకు వేరే పద్ధతి ఉంది. తాళం పడిన ఫైలు, అదే ఫైలు యొక్క అసలు నకలు, రెండూ 150 కిలోబైట్ల కంటే పెద్దవి, జతగా ఇస్తే ఎమ్సిసాఫ్ట్ సర్వర్ వాటిని పోల్చి తాళంచెవిని రాబడుతుంది. ఫోటోలకు ఒక జత, పీడీఎఫ్‌లకు ఒక జత, ఇలా ఒక్కో రకానికి ఒక్కోటి కావాలి. ఎప్పుడో ఈమెయిల్‌లో పంపిన ఫైలు ఇటువంటప్పుడు అక్కరకొస్తుంది.

తాళంచెవి దొరకనప్పుడు

స్టూడియో ఐడీ చివర టీ1 లేదు. అయినా అక్కడితో ఆగలేదు. ఫైలు తల మాత్రమే పోయిందన్న సంగతి ఇక్కడ పనికొచ్చింది. డిస్క్‌టూనా తయారుచేసిన మీడియా రిపేర్ అనే ఉచిత సాధనానికి, అదే కెమెరాతో అవే సెట్టింగ్స్‌లో తీసిన మంచి వీడియో ఒకటి నమూనాగా ఇస్తే, పాడైన వీడియో తలను దాని సాయంతో తిరిగి కడుతుంది. మొదట్లోని కాస్త భాగం పోయి, మిగతా వీడియోలు చాలావరకు ఆడాయి. పెద్ద జేపీజీ ఫోటోలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 6 మెగాబైట్ల ఫోటోలో 150 కిలోబైట్లు అంటే నలభయ్యో వంతు. అదే కెమెరా ఫోటో నుంచి తల అరువు తెచ్చి అతికిస్తే, పై అంచున సన్నని పట్టీ పోయి మిగతా బొమ్మ కనిపిస్తుంది. జీలకర్ర బెల్లం ఘట్టం ఫోటోలో మండపం పైకప్పు పూలు పోయాయి, రంగులు సరిచేసుకోవాల్సి వచ్చింది, వధూవరుల ముఖాలు మాత్రం ఉన్నాయి.

ఇవి కాక, కెమెరా మెమరీ కార్డులను ఫార్మాట్ చేసినా, వాటి మీద కొత్తగా తీయకపోతే ఫోటోరెక్ వంటి సాధనం పాత ఫోటోలను వెలికితీయగలదు. గూగుల్ డ్రైవ్ ఫైళ్ల పాత వెర్షన్లను 30 రోజుల పాటు ఉంచుతుంది. మైక్రోసాఫ్ట్ 365 చందా ఉన్నవారు వన్‌డ్రైవ్ మొత్తాన్ని గత 30 రోజుల్లో ఏ రోజుకైనా వెనక్కి తిప్పవచ్చు. క్లయింట్లకు వాట్సాప్‌లో పంపిన ఫోటోలు, ల్యాబ్‌కు పంపిన ఆల్బమ్ ఫైళ్లు కూడా వెతకండి. విండోస్ పాత నకళ్లను ర్యాన్సమ్‌వేర్ తుడిచేసే ఉంటుంది గానీ, ఒక్కోసారి ఆ పని విఫలమవుతుంది కాబట్టి ఫోల్డరు ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వెర్షన్స్ చూడటం మరవకండి.

డబ్బు, ఫిర్యాదు

డబ్బు కట్టవద్దని చెప్పడం, నష్టపోయినవారికి ఎంత కష్టంగా వినిపిస్తుందో నాకు తెలుసు. అయినా అదే చెబుతాను. కట్టినా తాళంచెవి వస్తుందన్న హామీ ఏదీ లేదు, వచ్చిన డబ్బు తర్వాతి దాడికి పెట్టుబడి అవుతుంది. ఆన్‌లైన్ ఐడీ ఫైళ్లను కూడా మేం విప్పుతాం అని ప్రకటించే మధ్యవర్తుల్లో కొందరు, చాటుగా నేరస్థులకే డబ్బు కట్టి, మీ దగ్గర అంతకు ఎక్కువ వసూలు చేస్తారు.

జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. రెండో అంచెలో తీసిన ఫోటోలు ఇక్కడ అవసరమవుతాయి. కంపెనీలు, సంస్థలు అయితే, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంఘటన తెలిసిన 6 గంటల్లోపు సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి.

కంప్యూటర్‌ను మళ్లీ పనిలోకి తెచ్చేటప్పుడు

ముఖ్యమైన ఫైళ్లకు మూడు ప్రతులు ఉండాలి, రెండు వేర్వేరు సాధనాల మీద ఉండాలి, వాటిలో ఒకటి వేరే చోట ఉండాలి. బ్యాకప్ డిస్కును ఎప్పుడూ తగిలించి ఉంచితే అది బ్యాకప్ కాదు, కాపీ అయిన వెంటనే ఊడదీయాలి. నెలకు ఒకసారి అందులోని ఒక ఫోల్డరును తెరిచి, ఫైళ్లు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. విండోస్ సెక్యూరిటీలోని కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్‌ను ఆన్ చేస్తే, అనుమతి లేని ప్రోగ్రాములు మీ ఫోటోల ఫోల్డరులో మార్పులు చేయలేవు. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ కాని అకౌంటు వాడండి. క్రాక్‌లు మానేయడమే అసలు చికిత్స. కొనే స్తోమత లేనివారికి ఫోటోలకు గింప్, వీడియోలకు డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్, ఆఫీసు పనికి లిబ్రే ఆఫీస్ ఉన్నాయి. అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది.

విప్పలేకపోయిన ఫైళ్లున్న డిస్కును పారేయకండి. దాని మీద ఒక కాగితం అంటించి, తాళం పడిన తేదీ, ఫైళ్ల పేర్ల చివర చేరిన అక్షరాలు, పర్సనల్ ఐడీ రాసి బీరువాలో పెట్టండి. చీటీ ఫైలు కూడా అందులోనే ఉండనివ్వండి. నాలుగైదు నెలలకు ఒకసారి, డిక్రిప్టర్ కొత్త వెర్షన్‌ను తెచ్చి, ఒక్క ఫైలు నకలు మీద నడిపి చూడండి. నేరస్థులు పట్టుబడి వారి సర్వర్లు పోలీసుల చేతికి చిక్కినప్పుడు, ఇతర కుటుంబాల విషయంలో ఏళ్ల తర్వాత తాళంచెవులు బయటకు వచ్చిన సందర్భాలు ఉన్నాయి.